ఏడింటికి నాలుక చూపించే జిప్పులక్క

జిప్పులక్క ప్రతి పొద్దునా ఏడు గంటలకు ఫోనులో ఎవరో మగమనిషికి నాలుక చాపి చూపిస్తుందన్న మాట నిజం. అంతవరకే నిజం. ఆ తర్వాత అతికించినవన్నీ వీధి సొంత కుట్టుపని. అతను ఓడల మీద తిరిగే ఉద్యోగి అని, పెళ్లాం పోయినవాడని, వచ్చే నెలలో వచ్చి జిప్పులక్కను తీసుకుపోతాడని, ఆ దిగులుతో ఆడపడుచు మంచం పట్టిందని నాలుగు అంతస్తుల్లోనూ చెప్పుకున్నారు. ఈ మాటలన్నీ ఎదుటి జిరాక్సు కొట్టావిడ నోట్లో పుట్టి, మెట్లెక్కి, డాబా మీద బట్టలారేసేవాళ్ల దగ్గర కాళ్లూ చేతులూ మొలిపించుకుని కిందికి దిగినవే. ఆవిడకు ఒక కాగితం ఇస్తే పది కాగితాలు వస్తాయి. మాట ఇచ్చినా అంతే. ఆడపడుచు మంచం పట్టలేదు. ఆమెకు అంత తీరికెక్కడిది?

ఉన్నదున్నట్టు తెలియాలంటే ముందు మెట్ల కింద కొట్టు చూడాలి.

నాలుగంతస్తుల పాత భవనం, కింద నడవా, నడవా చివర మెట్లు. ఆ మెట్ల కింద మిగిలిన ముక్కోణపు చోటే జిప్పులక్క కొట్టు. వాకిట్లో మనిషి నిలబడొచ్చు, లోపలికి పోయేకొద్దీ కప్పు దిగివస్తుంది. అందుకే పొడుగు మనుషులు తల వంచి మాట్లాడతారు. "ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, నా దగ్గర తల వంచాల్సిందే" అంటుంది జిప్పులక్క. లోపల ఒక కుట్టుమిషను, మిషను మీదికి వంగిన ఒక బల్బు, గోడ మేకులకు రంగులవారీగా వేలాడే జిప్పులు. మందుసీసాలు కడిగి వాటిలో సైజులవారీగా రన్నర్లు పోసిపెట్టుకుంది. పళ్ల మీద జారి జిప్పును మూసే ముక్కే రన్నరు. స్కూలు సంచులు, ప్రయాణపు పెట్టెలు, హ్యాండ్‌బ్యాగులు, జర్కిన్లు, ఏది తెచ్చినా ఆమె మొదట జిప్పు మొహం చూస్తుంది, మనిషి మొహం తర్వాత చూస్తుంది.

కొత్త జిప్పు వేసెయ్యడానికి తొందరపడదు. "పళ్లు బాగానే ఉన్నాయి, రన్నరు వదులైంది" అని పటకారుతో అటొక నొక్కు, ఇటొక నొక్కు నొక్కుతుంది. కొవ్వొత్తి ముక్కతో పళ్లను రుద్దుతుంది. సర్రున మూసుకుంటుంది. ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి పగిలిపోయేట్టున్న సంచి తెచ్చి, "జిప్పు మంచిది కాదక్కా" అంది. "జిప్పుదేం తప్పు లేదమ్మా, నీ ఆశదే తప్పు. ముందు ఆ సగం పుస్తకాలు బయటికి తియ్" అంది జిప్పులక్క. అలా ఇరవై ఏళ్లుగా వీధిలో సగం మంది సంచుల లోపల ఏముందో ఆమెకు తెలుసు. తెలిసినా పైకి చెప్పదు. చెప్పకపోవడమే జిరాక్సు ఆవిడకు ఆమె మీద మొదటి కోపం.

భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఆ భవనంలోనే మొదటి అంతస్తులో రెండు గదులు, అందులో జిప్పులక్క, ఆమె ఆడపడుచు. ఆడపడుచు బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేస్తుంది. అన్న పోయినా వదిన ఉంటే చాలనుకుని ఉండిపోయింది. వదినా మరదళ్లు పొద్దున్నే దెబ్బలాడుకుంటారు, సాయంత్రానికి అదే గుర్తు చేసుకుని నవ్వుకుంటారు. ఇద్దరి మధ్యా ఒకే ఒక్క పెద్ద అబద్ధం నడిచింది. అది ఈ కథలో సగం.

ఏడాది కిందట జిప్పులక్కకు దగ్గు పట్టుకుంది. నూలు దుమ్మనుకుంది. దుమ్మైతే ఆదివారం తగ్గాలి కదా, తగ్గలేదు. ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. టీబీ అన్నారు. ఆరు నెలలు, రోజూ, ఒక్క పూట మానకుండా మాత్రలు వేసుకోవాలన్నారు. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మాత్రల రంగే, భయపడొద్దు అని కూడా డాక్టరు ముందే చెప్పాడు. ఇక ఎవరికీ అంటదని అతను చెప్పేదాకా జిప్పులక్క కొట్టు మూసింది. నడుము పట్టేసిందని అందరికీ చెప్పింది. టీబీ అన్న మాట ఆ రెండు గదులు దాటలేదు.

రెండో నెలకి దగ్గు పోయింది. బుగ్గలు పూడాయి. మనిషికి బాగుంటే మందు చేదెక్కుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో ఆమెను ఫోనులో ఒక ఆరోగ్యం గ్రూపులో చేర్చారు. అందులో వేలమంది. తేనె గొంతుతో ఒకాయన మాట్లాడి పంపాడు. టీబీ మాత్రలు కాలేయాన్ని కాల్చేస్తాయి, మూత్రం ఎర్రగా రావడమే అందుకు సాక్ష్యం, ఆ మాత్రలు అవతల పారేసి నా పొడి వాడండి అన్నాడు. కింద వందలమంది బొటనవేళ్లు ఎత్తారు. డాక్టరు ఒక్కడు, బొటనవేళ్లు వందలు. జిప్పులక్క పొడి అయితే కొనలేదు, అంత తెలివితక్కువది కాదు. మాత్రలు మాత్రం మానేసింది.

"వదినా, వేసుకున్నావా?" అని పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటూ అడిగేది ఆడపడుచు.

"ఆ, వేసుకున్నా."

మాత్రలు జతలేని గుండీల డబ్బాలోకి పోయేవి. ఆడపడుచు రెండోసారి అడిగేది కాదు. వదిన మాటంటే ఆమెకు రిజర్వేషను టిక్కెట్టంత నమ్మకం.

నాలుగు నెలలు తిరక్కుండా దగ్గు తిరిగొచ్చింది. ఈసారి చేతిరుమాల్లో రక్తం కూడా తెచ్చింది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, చాలాసేపు కాగితాలు చూసి, "మళ్లీ మొదటి రోజు నుంచి. ఈ మందులు నీకింకా పనిచేస్తున్నాయి, అది నీ అదృష్టం. ఇంకోసారి మధ్యలో ఆపితే ఈ మాట అనగలనో లేదో నాకే తెలీదు" అన్నాడు.

ఆ సాయంత్రం జిప్పులక్క గుండీల డబ్బా తెచ్చి ఆడపడుచు ముందు బోర్లించింది. ఆడపడుచు గుండీల్లోంచి మాత్రలను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. అంతా ఏరాక, "నేను అడిగినప్పుడల్లా నీ మొహంలో ఏమీ కనపడలేదు వదినా" అంది.

"నువ్వు చూడలేదమ్మాయ్. అడిగావు, అంతే."

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె చాలా బాధపడింది. కానీ అన్నది నిజం.

రెండోసారి మాత్రలు మొదలైన పదిరోజులకు ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చున్న ఒకావిడ ఇంకో గ్రూపు గురించి చెప్పింది. ఇందులో వేలమంది లేరు, ముప్పై ఒక్కమంది. అందరూ టీబీ మాత్రలు వేసుకునేవాళ్లే, ఎక్కడెక్కడి వాళ్లో. నడిపేది రిటైరైన హెడ్మాస్టరు, ఆయనా ఒకప్పుడు ఈ జబ్బు పడి లేచినవాడే. అక్కడ పేర్లు ఉండవు, నంబర్లే. ప్రతి పొద్దునా ఏడు లోపల చిన్న వీడియో పంపాలి. నాలుక మీద మాత్ర, గ్లాసు, గుటక, మళ్లీ ఖాళీ నాలుక. హెడ్మాస్టారు ఒక్కొక్కరికీ టిక్కు పెట్టి, ఏడుంబావుకి "హాజరు ముప్పై ఒకటికి ముప్పై ఒకటి, శెభాష్" అని రాస్తాడు. ఎవరి లెక్క వాళ్లకుంటుంది, ఇన్నో రోజు అని. ఒక్కరోజు తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

జిప్పులక్క పంతొమ్మిదో నంబరు. మొదట్లో సిగ్గుపడింది. డాక్టరు ముందు తప్ప ఎవరి ముందూ చాపని నాలుక ఇది. కానీ మాత్ర చూస్తేనే వెగటు పుట్టిన రోజున ఫోను తెరిస్తే, ముసలివాళ్లవీ పడుచువాళ్లవీ, తెల్లవీ ఎర్రవీ, వరసగా నాలుకలు. "ఇంతమంది నాలుకలు చాపుకుని కూర్చుంటే నేనొక్కదాన్నీ మూతి ముడుచుకుంటానా?" అని మింగేసేది. అలా రెండు నెలలు దాటాయి. ఆ రెండు నెలలూ తనను నిలబెట్టింది హెడ్మాస్టారి టిక్కులేనని జిప్పులక్క ఇవాళ్టికీ ఒప్పుకుంటుంది. తర్వాత జరిగినదానికీ దీనికీ ముడిపెట్టదు.

తర్వాత జరిగింది పన్నెండో నంబరు వల్ల. అతను చేపలూ మాంసమూ చల్లగా మోసే వ్యాను నడుపుతాడు. పెళ్లి కాని కుర్రాడు, ముప్పై ఉంటాయి. ఆ చలికి ఎప్పుడూ నీలం జర్కిన్‌లోనే ఉంటాడు. గ్రూపులో అతనంటే అందరికీ గౌరవం. నూట రెండు రోజులు ఒక్కటీ తప్పలేదని హెడ్మాస్టారు అతన్నే చూపించి మిగతావాళ్లను దులిపేవాడు.

ఒక మంగళవారం అతని వీడియో చూస్తుంటే, అలవాటు కొద్దీ జిప్పులక్క కళ్లు మొహం దాటి జర్కిన్ మీదికి పోయాయి. ఛాతీ దగ్గర జిప్పుకి ఒక పన్ను ఊడి ఉంది. 'రెండు రోజుల్లో రన్నరు అక్కడే ఇరుక్కుంటుంది, పాపం' అనుకుంది. బుధవారం చూస్తే పన్ను ఉంది. కొత్త జిప్పు వేయించాడేమో అనుకుంది. గురువారం మళ్లీ లేదు. శుక్రవారం మళ్లీ ఉంది.

జిప్పులక్క చేతిలో పని పక్కన పెట్టి కళ్లజోడు పెట్టుకుంది. పాత వీడియోలన్నీ తీసి, సంచి తిరగేసి కుట్లు చూసినట్టు చూసింది. చిన్నపిల్లల పన్ను ఊడితే మొలుస్తుంది గానీ జిప్పు పన్ను మొలవదు. వారం పైగా వచ్చినవి మూడే వీడియోలు. వాటినే తిప్పి తిప్పి పంపుతున్నాడు.

గ్రూపులో అతని ఫోను నంబరు చూసి పిలిచింది.

"తమ్ముడూ, నీ జర్కిన్ జిప్పుకి పన్ను ఎప్పుడు ఊడింది?"

"ఎవరండీ?"

"పంతొమ్మిదో నంబరు. జిప్పులు కుట్టేదాన్ని."

"అక్కా, మీరా! పన్నా? ఏమో, మొన్నెప్పుడో ఊడింది. ఏం?"

"మంగళవారం ఊడింది, బుధవారం మొలిచింది, నిన్న మళ్లీ ఊడింది, ఇవాళ మళ్లీ మొలిచింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి జిప్పు చూళ్లేదు. ఎక్కడ కొన్నావో చెబితే నేనూ పది మూరలు తెప్పించుకుంటా."

అవతల వ్యాను పక్కకు తీసి ఆపిన చప్పుడు వినపడింది. తర్వాత ఇంజను కూడా ఆగింది.

"అక్కా, హెడ్మాస్టారికి చెప్పకండి."

"ఎన్నాళ్లైంది?"

"పదకొండు రోజులు. వేసుకున్న అరగంటకి వాంతి. రోడ్డు మీద బండి ఆపి మరీ కక్కాలి. తాగి నడుపుతున్నానని మా ఓనరు అనుమానం. జబ్బని చెబితే తిండి సరుకు బండి మీద ఉంచుతాడా? గ్రూపులో చెబుదామంటే లెక్క పోతుంది. నూట రెండక్కా! నన్ను చూసే కదా మిగతావాళ్లు..."

"హాజరు ఉంది, మాత్ర లేదు. పెళ్లికొడుకు లేని ఊరేగింపులా ఉంది నీ వ్యవహారం."

అతను ఏడుస్తున్నాడో ముక్కు చీదుతున్నాడో తెలియలేదు. జిప్పులక్క గొంతు దించి గుండీల డబ్బా సంగతి చెప్పింది. చేతిరుమాల్లో రక్తం సంగతి కూడా చెప్పింది.

"నాది డబ్బా, నీది వీడియో. ఇద్దరం ఒక గూటి పక్షులమే. ఇవాళే డాక్టరు దగ్గరికి పో. వాంతులని చెప్పు, పదకొండు రోజులు మానానని కూడా చెప్పు. అక్కడ కూడా పాత వీడియో వేశావో, నీ దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉంటా."

వెళ్లాడు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కాలేయం బాగానే ఉందని చెప్పి, వాంతికి వేరే మాత్ర రాసి, మానిన రోజులకు బదులు రోజులు కలిపాడు. తిట్టాడట కూడా. "తిడితే మంచిదే, అరుగుతుంది" అంది జిప్పులక్క.

అక్కడితో ఊరుకుంటే ఆమె జిప్పులక్క ఎందుకవుతుంది? ఇంకెంతమంది ఇలా ఉన్నారో అని ఆమెకు నిద్ర పట్టలేదు. గ్రూపులో రాసింది: "పాత వీడియోలు పంపేవాళ్లు మనలో ఉన్నారు. తిట్టడానికి చెప్పట్లేదు. మానినవాళ్లు మానామని భయం లేకుండా చెప్పుకోవాలి. తప్పితే మళ్లీ ఒకటి నుంచి అనే లెక్క తీసేయండి."

హెడ్మాస్టారు వెంటనే అందుకున్నాడు. "పంతొమ్మిదో నంబరు, ఎవరో పేరు చెప్పండి."

"చెప్పను."

"చెప్పకపోతే అది నింద."

"నింద కాదు మాస్టారూ, అద్దం. ఎవరి మొహం వాళ్లు చూసుకుంటారు."

"ఇన్నాళ్లుగా మనది వంద శాతం హాజరు. దాన్ని పాడు చేయకండి."

"వంద శాతం కాగితం మీద మాస్టారూ. రోగం ఊపిరితిత్తుల్లో ఉంది."

పాపం, ఆయన బడి ఆయనది. ముప్పై ఏళ్లు హాజరుపట్టీ పట్టుకున్న చేతికి ఒక్క ఖాళీ గడి కనబడినా ప్రాణం విలవిలలాడుతుంది. మర్నాడు పొద్దున జిప్పులక్క నాలుక మీద మాత్ర పెట్టుకుని ఫోను తెరిస్తే, ఆమెను గ్రూపులోంచి తీసేశారు.

మాత్ర నాలుక మీద కరగడం మొదలెట్టింది. చేదు. చూసేవాళ్లు లేరు. ఉమ్మేసినా అడిగేవాళ్లు లేరు. ఆ రెండు నిమిషాలూ ఆమె తనకు తానే భయపడింది. పన్నెండో నంబరుకి వీడియో కాల్ చేసి, నాలుక మీద మాత్రను చూడమని సైగ చేసి, అతను చూస్తుండగా మింగింది.

"నన్ను గెంటేశారు తమ్ముడూ. రేపటి నుంచి నువ్వూ నేనూ ఎదురెదురుగా. నిన్నటి నాలుక చెల్లదు, ఇవాళ్టిదే చూపించాలి."

"సరే అక్కా. కానీ నాలుక కింద కూడా చూపించాలి. పాత వీడియోలు మొదలెట్టకముందు రెండు రోజులు నేను అక్కడే దాచా."

"ఆరి దొంగా, ఆ కిటుకు నాకు తట్టలేదే!"

ఇంట్లో వీడియో కాల్ సరిగా అందదు. అందుకని ఏడుకి పదినిమిషాల ముందే వచ్చి కొట్టు షట్టరు సగం ఎత్తి, ఫోనును సూదుల దిండుకి ఆనించి కూర్చునేది. ఇక జిరాక్సు ఆవిడకు సగం ఎత్తిన షట్టరు కింద నుంచి ఏం కనబడిందో చెప్పక్కర్లేదు. పొద్దున్నే ఏడింటికి, నలభై ఆరేళ్ల విధవరాలు, ఫోనులో మగవాడికి నాలుక చాపి, ఆపైన పకపకా నవ్వడం. మిగతాదంతా ఆవిడ మిషను చూసుకుంది.

వారం తిరిగేసరికి గిరాకీలు కొందరు మొహం చాటేశారు. మిగిలినవాళ్లు వెటకారానికి వచ్చారు. "అక్కా, నాలుకకి కూడా జిప్పు వేస్తావా?" అని మూడో అంతస్తు గుమాస్తా అడిగాడు. "వేస్తా. ముందు నీ నోటి కొలత ఇవ్వు, అంత పొడుగు జిప్పు దొరుకుతుందో లేదో చూస్తా" అంది జిప్పులక్క. గుమాస్తా సంచి తీసుకుని జారుకున్నాడు.

ఆడపడుచుకి మాత్రం ఆ మాట టిక్కెట్ల కిటికీలోంచి, క్యూలో ముందున్న మనిషి నోటి నుంచి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ ఫోను ఇలా ఇవ్వు వదినా."

"ఇవ్వను."

"ఎవడు వాడు?"

జిప్పులక్క దాచకుండా చెప్పింది. విన్నాక ఆడపడుచు కోపం తగ్గలేదు, కోపం మీద ఇంకో రంగు వేసుకుంది.

"అంటే నేను చచ్చానా? ఒకే గదిలో పడుకుంటాం. నా ముందు వేసుకోవచ్చుగా. ఊరూ పేరూ తెలియనివాడికి చూపించాలా?"

"నువ్వు నమ్ముతావమ్మాయ్, అదే నీతో చిక్కు. నేను వేసుకున్నానంటే నీకు చాలు. నీ ప్రేమను మోసం చేయడమంత సులువు ఇంకోటి లేదు, ఒకసారి చేశాను కూడా. వాడు నన్ను నమ్మడు. నేను వాణ్ణి నమ్మను. పాము కాళ్లు పాముకే ఎరుక."

"అయితే టీబీ అని వీధిలో చెప్పెయ్. పీడ పోతుంది."

"నాది చెప్పుకుంటా. 'మరి వాడెవడు' అంటారు. వాడి జబ్బు చెప్పడానికి నేనెవర్ని?"

"పోనీ ఇంకో చోట కూర్చుని, తలుపేసుకుని చేసుకో. నలుగురి నోళ్లూ మూయించలేం కదా."

"తలుపేసుకుని చేసే పని ఒకసారి చేశాగా. ఇంకా డెబ్బై ఆరు రోజులున్నాయి. ఒక్కరోజు ఈ పిలుపు తప్పితే నన్ను నేను నమ్ముకోలేను అమ్మాయ్. పరువు పోతే మళ్లీ కుట్టుకుందాం."

ఆడపడుచు అన్నం పెట్టుకుని, వీపు తిప్పి కూర్చుని తింది. మర్నాడు పొద్దున జిప్పులక్క షట్టరు సగం కాదు, మొత్తం ఎత్తింది. మిషను బల్బు కూడా వేసింది. ఎదుటి కొట్టు ముందు చీపురు పట్టుకుని ఊడ్చిందే ఊడుస్తున్న జిరాక్సు ఆవిడను, "కనపడుతోందా వదినగారూ? కొంచెం ఇటు తిరగనా?" అని అడిగింది. చీపురు లోపలికి పోయింది.

దాంతో భవనం పెద్దలు కదిలారు. మెట్ల కింద చోటు భవనం అందరిదీ. ఫోను వ్యవహారం మానితే ఉండనిద్దాం, లేకపోతే చోటు ఖాళీ చేయమందాం అనుకున్నారు. ఆ మాట చెప్పే పని రెండో అంతస్తు పెద్దమ్మ మీద పెట్టారు. పెద్దమ్మకు ఆ పని ఇవ్వక్కర్లేదు, ఎవరూ ఇవ్వకపోయినా ఆమె వచ్చేది. అసలు సంగతి తెలియక నాలుగు రోజులుగా ఆమెకు తిన్నది ఒంటబట్టడం లేదు. పొద్దున ఏడుకి అయిదు నిమిషాలుండగా చంకలో ఒక చేతిసంచి పెట్టుకుని దిగింది. వెనకాల గుమాస్తా, జిరాక్సు ఆవిడ, ఇంకో ఇద్దరు.

"ఏమే, ఈ జిప్పు తెగిపోయింది. కాస్త చూడు" అంది పెద్దమ్మ.

జిప్పులక్క సంచిని బల్బు కిందికి తిప్పింది. "తెగింది కాదిది, తెంపింది. చివరి రెండు పళ్ల మీద కత్తెర గాటు కూడా ఉంది. అడగాల్సింది అడుగు పెద్దమ్మా, నోరులేని సంచిని హింసించడం దేనికి?"

పెద్దమ్మ నవ్వాపుకోలేకపోయింది. "దొరికిపోయాను పో. సరే, అడిగేస్తా. కానీ ముందు వీళ్లు చెప్పమన్నది చెప్పాలి. ఆ ఫోను మానకపోతే చోటు ఖాళీ చేయమంటున్నారే."

అప్పుడే ఫోను మోగింది. ఏడు. జిప్పులక్క ఫోను తీసి, "ఒక్క క్షణం ఆగు తమ్ముడూ, ఇక్కడ జాతర ఉంది" అని, అతని మొహం ఎవరికీ కనబడకుండా ఫోనును తన గుండెకేసి అదుముకుంది. రెండో చేత్తో మాత్రల పొట్లం విప్పింది. నీళ్ల సీసా కోసం చూస్తే సీసా ఖాళీ.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. డ్యూటీకి బయలుదేరిన ఆడపడుచు అందరినీ తోసుకుంటూ వచ్చి, టిఫిన్ సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి, మూత తిప్పి, వదిన చేతికిచ్చింది. వెళ్లిపోలేదు. వదిన పక్కన, కప్పు తలకు తగిలే చోట, మెడ వంచుకుని నిలబడింది.

పెద్దమ్మ ఆ మాత్రలను చూసింది, ఆడపడుచును చూసింది, గొంతు తగ్గించింది. "ఇప్పుడు వీళ్ల కోసం కాదు, నా కోసం అడుగుతున్నా. నిజం చెప్పు. ఆ ఫోనులో మనిషి నీకేమవుతాడే?"

జిప్పులక్క ఫోను గుండె మీంచి తీయకుండానే చెప్పింది.

"నాకు టీబీ, పెద్దమ్మా. వెనక్కి జరక్కండి, ఇప్పుడు నా నుంచి ఎవరికీ అంటదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఈ భవనంలో అంటుకునేవి వేరే ఉన్నాయి. ఒకసారి మాత్రలు మానేసి, వేసుకున్నానని ఇదిగో, ఈ పిచ్చిపిల్లకు అబద్ధం చెప్పి, చావు గడప దాకా పోయొచ్చాను. మీరంతా ఇరవై ఏళ్లుగా నా మాట నమ్మారు. ఈ మనిషి నమ్మడు. రోజూ నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూసి గానీ వదలడు. నాకేమవుతాడో నాకే తెలీదు, తెలుసుకునే తీరికా లేదు. ఇంకా డెబ్బై రోజులు నేను మింగాలి, అతను చూడాలి. చోటు తీసేసుకుంటే తీసేసుకోండి, రోడ్డు మీద నిలబడి చూపిస్తా. ఇప్పుడు మాత్రం కాస్త పక్కకు జరుగు పెద్దమ్మా, వెలుతురుకి అడ్డమొస్తున్నావు."